మనసొప్పని క్షణానికి ఒక రుమేనియా మాట

"బాబూ, మా అన్నయ్య ఇవాళ తెల్లవారుజామున పోయాడు. నీ నంబరు ఫోను పక్కన గోడమీద పెన్సిలుతో రాసి ఉంది. అందుకని నీక్కూడా చేస్తున్నాను" అంది విశాఖపట్నం నుంచి ఒక పెద్దావిడ. కాఫీ అడిగాడని, కలిపి తెచ్చేలోపలే అయిపోయిందని, బాధ పడలేదని చెబుతోంది. నేను వింటూనే ఉన్నాను గాని నా కళ్లముందు నిలిచింది ఆ గోడమీది పెన్సిలు రాతే. మా సార్ పెన్సిలు తప్ప ఇంకేదీ పట్టుకునేవారు కాదు. పెన్నుతో రాస్తే మాటకు పొగరెక్కుతుంది అనేవారు.

మాది అనువాదాల ఆఫీసు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక టైర్ల దుకాణం పైన ఉంటుంది. ఒప్పంద పత్రాలు, సర్టిఫికెట్లు, మిషన్ల వెంట వచ్చే పుస్తకాలు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చి, పేజీలు కట్టి ఇస్తాం. ఫోన్ పెట్టేసి ముదీర్, అంటే మా మేనేజరు, గదిలోకి వెళ్లి చెప్పాను. ముదీర్ సిరియా మనిషి, గొంతు పెద్దది. ఆ రోజు మాత్రం "ఉస్తాద్?" అని ఒక్క మాటే, అదీ మెల్లగా అన్నాడు. ఆఫీసంతా సార్‌ను ఉస్తాద్ అనే పిలిచేది. ఆ తర్వాత లేచి వచ్చి, సార్ కూర్చునే మూల మీది ఏసీ ఆపేశాడు. ఆ ఏసీ తగ్గించమని సార్ ఎన్నేళ్లు అడిగారో, ముదీర్ ఎన్నేళ్లు తగ్గించలేదో ఆఫీసులో అందరికీ తెలుసు. రెండేళ్లుగా ఖాళీగా ఉన్న ఆ కుర్చీ చుట్టూ గాలి మెల్లగా వెచ్చబడింది.

పోయినవాళ్లను దేవుళ్లను చేసే రాతలంటే నాకు పడదు. సార్‌కు అసలే పడదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

ఇది చదువుతున్న మీలో కొందరు ఆయన్ను చూసే ఉంటారు. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీ బస్టాపులో, ఆగస్టు ఎండలో, మోచేతి మీద గోధుమరంగు ఉన్ని స్వెటర్ వేసుకుని నిలబడే తెలుగు పెద్దాయన ఇంకొకరు ఉండరు. కాకినాడ పక్కన పుట్టారు. కుర్రతనంలో చమురు ఇంజనీరింగు చదవడానికి రుమేనియా వెళ్లారు. అక్కడి చలికి కొన్న స్వెటరే అది. చదువయ్యాక రుమేనియా వాళ్లతో కలిసి ఎడారి చమురు బావుల మీద పనిచేశారు. వయసు మీద పడ్డాక బావులు వదిలేసి భాషలు పట్టుకున్నారు. దుబాయ్ మొత్తంలో ఇంగ్లిష్ నుంచి రుమేనియా భాషలోకి మార్చగల తెలుగువాడిని నేనొక్కణ్నే అని కొత్తవాళ్లకు తనే చెప్పుకునేవారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకో నేనడగలేదు.

పనిలో ఆలస్యం మనిషి. ఏ కాగితమూ చెప్పిన రోజుకు ఇచ్చి ఎరగరు. మెచ్చుకోలు ఆయన నోట్లోంచి ఊడిపడడం కష్టం. నేను చేరిన కొత్తలో, నా మాట తీరు విని, "ఏ జిల్లా అబ్బాయ్ మీది?" అన్నారు. జగిత్యాల దగ్గర అన్నాను. అది మా రాష్ట్రం మాకు వచ్చిన ఏడాది. "మీ రాష్ట్రం మీకొచ్చింది కదా, ఇంకా ఆ మొహంలో కోపమెందుకు?" అన్నారు. నాకు నషాళానికంటింది. రాష్ట్రం వస్తే ఇక్కడి లేబర్ క్యాంపుల్లో మా వాళ్ల బతుకు మారిందా సార్ అని ఎదురు తిరిగాను. ఆయన స్వెటర్ గుండీలు పెట్టుకుంటూ, "మారలేదు. అందుకే అడిగాను" అన్నారు.

అప్పట్లో నా సంచిలో ఎప్పుడూ చిన్న చిన్న పుస్తకాలు, కరపత్రాలు ఉండేవి. ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత తెప్పించుకునేవాణ్ని. నేను చదివిన చదువంతా వాటిలోనే. డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చినవాణ్ని. వాటిని చూసి నేనూ ఒక కరపత్రం రాశాను, గల్ఫ్ కార్మికులారా అని మొదలుపెట్టి. సార్ నా బల్ల మీద దాన్ని చూసి, మధ్యాహ్నం పెరుగన్నం తింటూ మొత్తం చదివారు. నవ్వుతారనుకున్నాను, లేదంటే భయపడి నీతులు చెబుతారనుకున్నాను. తిరిగి ఇస్తూ అడిగిందొకటే.

"ఇది ఎవరికి రాశావు?"

"కార్మికులకు సార్."

"ఎవరికైనా చదివి వినిపించావా?"

వినిపించలేదు. "అయితే ఇంకా రాయడం పూర్తి కాలేదన్నమాట" అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

ఆయన పని పద్ధతి అదే. రాసింది ఎవరి కోసమో, ఆ మనిషిని వెతికి పట్టుకుని, ఎదురుగా నిలబడి పైకి చదివేవారు. చదువుతూ వాళ్ల మొహం చూసేవారు కాదు, చేతులు చూసేవారు. ఒకసారి ఇంజిన్ పుస్తకం ఒకటి వస్తే, కింద టైర్ల దుకాణంలోని మెకానిక్‌ను పైకి పిలిచి చాయ్ ఇప్పించి చదివి వినిపించారు. "మొహం మర్యాదకు తల ఊపుతుంది. చేతికి మర్యాద తెలియదు. అర్థమైతే పని చేస్తున్నట్టు కదులుతుంది, లేకపోతే చాయ్ గ్లాసు పట్టుకునే ఉంటుంది" అనేవారు. ఆలస్యమంతా అక్కడే అయ్యేది. ముదీర్ గోల పెట్టేదీ అందుకే.

ఆ పద్ధతి విలువ నాకు తెలిసింది ఒక్క మాట దగ్గర. ఆ మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

మా ఆఫీసుకు నాలుగు వీధుల అవతల ఉక్కు ట్యాంకులు చేసే యార్డు ఒకటి ఉంది. మా బావ, అంటే మా అక్క పెనిమిటి, అందులో రిగ్గర్. క్రేనుకు బెల్టులు తగిలించడం, లేచిన బరువు అంచు పట్టుకుని దారి చూపించడం ఆయన పని. అల్ కుసైస్ క్యాంపులో ఉంటాడు. ఒకరోజు యార్డులో పెద్ద ఉక్కు పలక గాల్లోకి లేస్తోంది. బావ దాని కిందికి వెళ్లాల్సిన సమయానికి అడుగు వేయలేదు. చెయ్యెత్తి క్రేను ఆపించాడు. ఫోర్మన్ పరుగున వచ్చి "క్యా దేఖా?" అన్నాడు. బావ ఏమీ చూడలేదు. బెల్టు బాగానే ఉంది, కొక్కెం బాగానే ఉంది. "దిల్ నహీ మానా", మనసు రాలేదు అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పలక లేచింది, దిగింది, ఏమీ కాలేదు. మర్నాటి నుంచి బావ చేతికి చీపురొచ్చింది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న రిగ్గర్ యార్డు ఊడుస్తున్నాడు. క్యాంపులో పేరు కూడా పెట్టారు, దిల్ సేఠ్ అని.

అది జరిగిన కొద్ది రోజులకే, అదే యార్డు నుంచి మా ఆఫీసుకు ఒక పని వచ్చింది. భద్రత గురించి చిన్న పుస్తకం, ఇంగ్లిష్‌లో ఉంది. హిందీ, ఉర్దూ, బెంగాలీ, తెలుగుతో పాటు రుమేనియా భాషలో కూడా కావాలి. వెల్డింగ్ కోసం కొత్తగా రుమేనియా బృందం ఒకటి దిగింది. అందులో ఒక పేజీలో పెద్ద అక్షరాలతో ఒక వాక్యం. ట్రస్ట్ యువర్ ఇన్‌స్టింక్ట్. తేడాగా అనిపిస్తే పని ఆపండి.

అది చదివాక నాకు కళ్లు ఎర్రబడ్డాయి. మనసు చెప్పిందని ఆపినవాడి చేతిలో చీపురు పెట్టి, పుస్తకంలోనేమో నీ మనసును నమ్ముకో అని రాయించుకుంటారా! రేపు ఏదైనా జరిగితే, నీ ఇన్‌స్టింక్ట్ ఏం చేస్తోంది, ఎందుకు ఆపలేదు అని తప్పు కార్మికుడి నెత్తిన రుద్దడానికే ఈ వాక్యం అని సార్ ముందు బల్ల గుద్ది చెప్పాను. సార్ అంతా విన్నారు. నేను ఆగాక, "నువ్వన్నది నిజమే కావచ్చు. కానీ ముందు ఈ మాటకు రుమేనియా భాషలో ఏం పెట్టాలో చెప్పు" అన్నారు.

అదేం ప్రశ్న సార్, వాళ్లకూ అదే మాట ఉంది కదా, నిఘంటువులో చూశాను, అదే పెట్టండి అన్నాను.

"ఉంది. పక్షులు చలికాలం ఎటు ఎగరాలో వాటికి చెప్పే దాన్ని వాళ్లు ఇన్‌స్టింక్ట్ అంటారు. వెల్డర్‌కు ఆ మాట చదివి వినిపిస్తే, నన్ను పశువును చేశారా అంటాడు. ఇంటుయిట్సియె అని ఇంకోటి ఉంది, అది ప్రొఫెసర్లకు, చిత్రకారులకు ఉండేది. ఫ్లెర్ అంటే వ్యాపారులకు, పేకాటరాయుళ్లకు ఉండే ముక్కు. ప్రెసిమ్ట్సిరె ఉంది, అది జరగాల్సింది జరిగిపోయాక, నాకు ముందే అనిపించింది అని ఏడ్చేవాళ్లది." పెన్సిలు కింద పెట్టారు. "క్రేను కింద నిలబడ్డవాడికి ఏ మాట ఉందో నాకు తెలియదు. నేను బావుల మీద పనిచేసినప్పుడు ఆఫీసు గుడారంలో ఉండేవాణ్ని."

అంతటితో ఆగకుండా నా తెలుగు పేజీ చూపించమన్నారు. "మీ సహజ ప్రవృత్తిని విశ్వసించండి" అని టైపు చేసి పెట్టాను. చూసి, "మీ బావకు చదివి వినిపించు" అన్నారు.

శుక్రవారం క్యాంపుకు వెళ్లి వినిపించాను. బావ మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డ కోస్తున్నాడు. విని, కత్తి ఆపకుండానే, "గుళ్లె అయ్యగారు చెప్పినట్టున్నది బామ్మర్ది. సహజ ప్రవృత్తి అంటే ఏంది, పొద్దుగాల బాత్రూంకు పోవుడా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. కింది మంచం మీది ముసలాయన, నమ్మి నేనూ రోజూ పోతున్నా అన్నాడు. నవ్వులు ఆగాక, మరి ఆ రోజు నీకేమైంది బావా అని అడిగాను. బావ కత్తి పక్కన పెట్టాడు. "ఏం గాలే. మనసొప్పలే, గంతే" అన్నాడు. అంటూ ఎడమ చెయ్యి భుజం దాకా లేపాడు, అరచెయ్యి ఎదుటికి పెట్టి. క్రేను ఆపించేటప్పుడు రిగ్గర్లు లేపేది అలాగే. సార్ చెప్పిన చెయ్యి అంటే ఏమిటో ఆ క్షణం నాకర్థమైంది.

ఆ మాట చెప్పగానే సార్ యార్డుకు వెళ్దామన్నారు. ఒకరోజు చాయ్ విరామం వేళకు పోయాం. రుమేనియా బృందం ఒక ట్యాంకు నీడలో కూర్చుని ఉంది. వాళ్ల ఫోర్మన్ భారీ మనిషి, మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు. స్వెటర్ మోసుకొచ్చిన భారతీయుడు తన భాషలో పలకరించేసరికి చేతిలో సిగరెట్టు సంగతి మరిచిపోయాడు. తర్వాత ఏదో అన్నాడు, వాళ్లంతా నవ్వారు. సార్ మొహం ముడుచుకుంది. ఏమన్నాడని తర్వాత అడిగితే, మా తాత కాలం నాటి రేడియోలో ఇలాగే మాట్లాడేవాళ్లు అన్నాడట. ఆ మాట సార్‌ను వారం రోజులు కుట్టింది.

సార్ తను రాసుకొచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే చదివారు. ఫోర్మన్ మర్యాదగా తల ఊపాడు. చెయ్యి మాత్రం సిగరెట్టు దగ్గరే ఉంది. అప్పుడు సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బరువు లేస్తున్నప్పుడు ఏదో తేడాగా అనిపిస్తే, చూసింది ఏమీ లేకపోతే, నీ మనుషులతో ఏమంటావు అని అడిగారు. అతను ఆలోచించలేదు.

"నుమి ప్లాచె" అన్నాడు. చెయ్యి భుజం దాకా లేచింది.

నాకు నచ్చడం లేదు. అంతే ఆ మాటకు అర్థం. సార్ నావైపు తిరిగి తెలుగులో చెప్పారు. దూరంగా చీపురు పట్టుకుని నిలబడి ఉన్న బావను పిలిచి ఆ మాట చెబితే, బావ ఫోర్మన్‌ను ఎగాదిగా చూసి, "గీయనకు గూడ మనసొప్పదన్నట్టు" అన్నాడు. ఫోర్మన్‌కు సార్ దాన్ని రుమేనియాలో చెప్పారు. అప్పుడు ఫోర్మన్ నవ్వడం మానేసి చాలాసేపు మాట్లాడాడు. మా దేశంలో నేను ఆ మాటంటే క్రేను దిగుతుంది, ఇక్కడ ఆఫీసరు వచ్చి ఏం చూశావు అంటాడు, చూసిందేమీ లేకపోతే కాగితం రాయమంటాడు, అందుకని ఇక్కడికొచ్చాక ఆ మాట అనడం మానేశాను అన్నాడు. సార్ ఒక్కో మాటా నాకు తెలుగులో చెబుతూ వచ్చారు.

బస్సులో నేను ఆగలేదు. మీరు కలం పట్టినవాళ్లు సార్, ఎందుకు ఆపావని ఎవరూ అడగకూడదు అని ఒక్క వాక్యం కలపండి, రుమేనియాలోనూ తెలుగులోనూ కలుపుదాం, ఆ కంపెనీలో ఎవడు చదివి చూస్తాడు అన్నాను. కుదరదన్నారు. ఎందుకు కుదరదన్నాను. ఇంగ్లిష్‌లో లేనిది కలపడం నా పని కాదన్నారు. అయితే మీరు యజమాని చిలక అన్నాను. బస్సులో నలుగురు తిరిగి చూశారు. సార్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ కోపం మంచిదే అబ్బాయ్. కానీ దానికి వేరే కాగితం తీసుకో. ఇది వాళ్ల కాగితం. మనం దొంగతనంగా పెట్టిన మాటను వాళ్లు ఒక్కరోజులో చెరిపేస్తారు. అప్పుడు దాన్ని నమ్మి చెయ్యెత్తినవాడు ఏమవుతాడు?" అన్నారు. ఆయన మాట ఒప్పుకునే స్థితిలో నేను లేను. దిగేటప్పుడు వెళ్లొస్తానని కూడా చెప్పలేదు.

పుస్తకం ఇవ్వాల్సిన రోజు వచ్చింది, పోయింది. మిగతా భాషలన్నీ తయారు. సార్ ఆ ఒక్క వాక్యం దగ్గర ఖాళీ వదిలి కూర్చున్నారు. అనువాదకుడికి అనుమానం వస్తే పని ఇచ్చినవాళ్లను అడిగే హక్కు ఒకటుంటుంది. మా వృత్తిలో అందరికీ తెలిసిన ఆచారం అది, ఎవరూ వాడరు. సార్ ఆ హక్కు వాడతానన్నారు, అదీ మెయిల్లో కాదు, ఎదురుగా. ముదీర్ నెత్తి కొట్టుకున్నాడు. ఒక్క మాట కోసం ఇంత పెద్ద కంపెనీతో పేచీనా అన్నాడు. ఆ నెలలోనే సార్ వీసా కొత్తగా చేయించాలి. అరవై దాటినవాళ్లకు చేయించడం తేలిక కాదు, ముదీర్ తలుచుకుంటేనే అవుతుంది. ఆ సంగతి ముదీర్ నోటితో అనలేదు. తన సొరుగులోంచి సార్ పాస్‌పోర్టు తీసి, బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి మాట్లాడాడు. సార్ ఆ పాస్‌పోర్టు వైపు చూసి, తన గ్లాసులో మిగిలిన కాఫీ తాగి, "యల్లా, పద మరి, ఎప్పుడు వెళ్దాం?" అన్నారు.

యార్డు ఆఫీసులో సేఫ్టీ ఆఫీసరు ఎదురుగా మేం ముగ్గురం కూర్చున్నాం. పొడుగ్గా, ఎండకు కందిపోయిన తెల్లమనిషి. అతని వెనక అద్దంలోంచి క్రేను కనబడుతోంది. కాగితాలు మోయడానికని నన్ను తీసుకెళ్లారు. సార్ గొంతు పెంచలేదు. మీ వాక్యానికి నా దగ్గర రెండు మాటలున్నాయి, ఒకటి కారణం తెలిసి ఆపేవాడిది, ఇంకోటి కారణం తెలియకుండానే ఆపేవాడిది, మీరు ఎవరితో మాట్లాడుతున్నారు అని అడిగారు. తెలియనివాడితోనే, ఇన్‌స్టింక్ట్ అంటే అదే కదా అన్నాడు ఆఫీసరు, ఇంత చిన్న విషయానికి వచ్చారా అన్నట్టు.

"అతను ఆపాక, ఫోర్మన్ వచ్చి ఏం చూశావని అడిగితే, అతను ఏం చెప్పాలి?" అన్నారు సార్.

ఆఫీసరు ఆ పేజీ తనవైపు తిప్పుకుని మళ్లీ చదివాడు.

"చెప్పి తీరాలంటే చెప్పండి. అప్పుడది చూసి చెప్పే మాట. రుమేనియాలో దానికి మంచి మాట ఉంది, సాయంత్రంలోపు ఇచ్చేస్తాను. చెప్పక్కర్లేదంటే ఆ సంగతి మీ ఇంగ్లిష్‌లో ఉండాలి. మీ కాగితంలో లేనిది నేను రాయలేను."

ఇక నేను అందుకోవాలనుకున్నాను. బావ సంగతి, చీపురు సంగతి, అన్నీ గొంతు దాకా వచ్చాయి. సార్ నావైపు చూడకుండానే బల్ల మీది చేతిని కొంచెం లేపారు, అరచెయ్యి ఎదుటికి. నేను ఆగిపోయాను. ఆఫీసరు కుర్చీ తిప్పి అద్దంలోంచి యార్డు వైపు చూశాడు. పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు చివరికి. బయటికి రాగానే ముదీర్, "ఖలాస్ ఉస్తాద్, ఈ కంపెనీ మనకు ఖలాస్" అన్నాడు. సార్ కారెక్కి ఏసీ మీట తనే తగ్గించుకున్నారు.

కొన్ని రోజులు గడిచాయి. ఆ రోజుల్లో సార్ ఎప్పటికన్నా నిదానంగా పనిచేశారు. పాస్‌పోర్టు ముదీర్ బల్ల మీదే ఉంది. ఇంటర్నేషనల్ సిటీ గదిలో తన పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టారని ఆయన పక్క గదివాళ్లు చెప్పారు. నన్ను మాత్రం ఏమీ అననివ్వలేదు.

తర్వాత యార్డు నుంచి కొత్త ఇంగ్లిష్ పేజీ వచ్చింది. పాత వాక్యం లేదు. నీకు నచ్చకపోతే ఆపు, ఎందుకో చెప్పనవసరం లేదు అని ఉంది. సార్ దాన్ని రెండుసార్లు చదివారు. సంతోషం చూద్దామని నేను ఆయన మొహంలోకి చూస్తే, ఒక కామా తప్పు పెట్టారని విసుక్కుంటున్నారు. పెన్సిలు తీసుకుని రుమేనియాలో రాశారు. దాక నుట్సి ప్లాచె, ఒప్రెష్టె. కింద ఇంకో వరుస. తర్వాత నావైపు కాగితం తోసి, తెలుగులో నీ బావ మాటే పెట్టు అన్నారు. మరీ మా యాస అయిపోతుందేమో సార్ అన్నాను. "మాట మీదేగా, బరువూ మీమీదేగా" అన్నారు. మనసొప్పకపోతే ఆపు. ఎందుకని ఎవరూ అడగరు. అట్లా అచ్చయింది.

ముదీర్ మర్నాడు ఆ పాస్‌పోర్టు ఇచ్చి మనిషిని వీసా పనికి పంపాడు. ఆ కంపెనీ మాకు ఖలాస్ కాలేదు.

ఒక్క కాగితంతో లోకం మారిందని రాస్తే సార్ పెన్సిలుతో కొట్టేస్తారు. బావ ఆ తర్వాత కూడా చాన్నాళ్లు ఊడ్చాడు. ఫోర్మన్లు పొద్దున మీటింగులో ఆ పేజీ చదివేటప్పుడు నీళ్లు నమిలేవాళ్లు. యజమానులు ఇచ్చేది ఎప్పుడైనా వెనక్కి లాక్కోగలరు. ఆ మాట మీద నేనిప్పటికీ ఉన్నాను. కానీ రిగ్గర్లు తక్కువై బావను మళ్లీ క్రేను దగ్గరికి పిలిచిన కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు.

"బామ్మర్ది, ఇయ్యాల చెయ్యి లేపిన."

"ఏమైంది బావా?"

"ఏం గాలే. పలక కిందికి దించిండ్రు. బెల్టులు జూసిండ్రు, కొక్కెం జూసిండ్రు, అంత మంచిగనే ఉన్నది. మల్ల చాయ్ తాగి లేపినం." గొంతు తగ్గించాడు. "గని ఎవ్వలూ అడుగలే రా. ఫోర్మన్ నోరు తెరిసిండు, గా రుమేనియాయన ఆని దిక్కు జూసిండు, మల్ల మూసుకున్నడు."

నేను పరుగున వెళ్లి సార్‌కు చెప్పాను. ఏదైనా లోపం దొరికి, ఎవరిదో ప్రాణం దక్కి ఉంటే ఇంకా బాగుండేదని నాకు లోపల ఉంది. చివర్లో, కానీ ఏమీ దొరకలేదు సార్ అన్నాను. సార్ కళ్లద్దాలు తీసి స్వెటర్ అంచుతో తుడుచుకున్నారు.

"ఎవరైనా నవ్వారా?"

"లేదు సార్."

"అదీ సంగతి" అని మళ్లీ పనిలో పడ్డారు. సాయంత్రం వెళ్లేటప్పుడు, ఆయన సొరుగులో ఎవరికీ ఇవ్వకుండా దాచుకునే బిస్కెట్ల పొట్లం నా బల్ల మీద ఉంది. నా ఎరుకలో ఆయన మెచ్చుకోలు అదొక్కటే.

రెండేళ్ల కింద విశాఖపట్నం వెళ్లిపోయేటప్పుడు స్వెటర్ కుర్చీకే వదిలేసి వెళ్లారు. అక్కడ దీనితో పనేముంది, మీ ముదీర్‌కు గుర్తుగా ఉండనీ అన్నారు. ముదీర్ దాన్ని ఎవరినీ తీయనివ్వలేదు. నేను ఈమధ్య ఏది రాసినా, ఎవరి కోసం రాశానో వాళ్ల ఎదుట చదువుతున్నాను. ఇది కూడా మొన్న క్యాంపులో బావకు, ఆయన గదివాళ్లకు చదివాను. బావ చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాడు. ఒక్కచోట మాత్రం కదిలాయి. ఎక్కడో మీకు తెలుసు.

వార్త తెలిసిన రోజు సాయంత్రం నాలుగింటికి ఆఫీసు నుంచి బయటపడి, బస్టాపుకు మామూలు దారిలో కాకుండా యార్డు గేటు మీదుగా నడిచాను. లోపల క్రేను ఇంజిన్ ఆపి ఉంది. కొక్కెం ఖాళీగా వేలాడుతోంది. పెద్ద ఉక్కు పలక ఒకటి సగం పనిలో దించినట్టు ఇసుక మీద పడుకుని ఉంది, బెల్టులు ఇంకా దానికే ఉన్నాయి. దాని పక్కన ట్యాంకు నీడలో మా వాళ్లూ రుమేనియా వాళ్లూ కలిసి కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఎవరికీ తొందర ఉన్నట్టు లేదు. ఎవరు చెయ్యెత్తారో అక్కణ్నుంచి నాకు తెలియలేదు. గేటు దగ్గరి వాచ్‌మన్ పలకరింపుగా చూశాడు. పలక ఎందుకు దించారని నేనతన్ని అడగలేదు.